అడుగున ఏముందో అడిగి తినండి

రుచులూ సందేహాలూ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

థాయ్‌లాండ్ ప్రయాణం పెట్టుకున్న విశాఖ కుటుంబాల ఉత్తరాలన్నీ దాదాపు ఒకే మాట అడుగుతున్నాయి: అక్కడి వంట తినాలని ఉంది, కానీ ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో పట్టింపు, ఎలా? అందుకే ఈసారి శీర్షిక మొత్తం థాయ్ ప్రాంతీయ భోజనానికే ఇచ్చాం. థాయ్ మాటల్ని తెలుగు లిపిలోనే రాశాం. ఆ భాషలోనూ క, ప, త వేరు, ఒత్తు పలికే ఖ, ఫ, థ వేరు. కాబట్టి ఇంగ్లీషు స్పెల్లింగు కంటే తెలుగులో రాసుకుని చదివితేనే దుకాణం వాళ్ళకు త్వరగా అర్థమవుతుంది. "ఫ" అని రాసిన చోట "ప"ను ఒత్తి పలకండి, ఇంగ్లీషు ఎఫ్‌లా కాదు. అడిగేటప్పుడు మాట చివర ఆడవాళ్ళు "ఖ", మగవాళ్ళు "ఖ్రప్" చేరిస్తే మర్యాద.

ప్రశ్న: దసరా సెలవుల్లో బ్యాంకాక్, చియాంగ్ మై వెళ్తున్నాం. మొత్తం ఆరుగురం. మా అత్తగారు పూర్తి శాకాహారి, పండగ రోజుల్లో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. మిగతా అందరం చేప, కోడి తింటాం. వెళ్ళొచ్చినవాళ్ళు "ఇండియన్ హోటల్‌కే వెళ్ళండి, గొడవుండదు" అంటున్నారు. అంత దూరం వెళ్ళి ఇడ్లీ తిని రావడం మాకు ఇష్టం లేదు. ఆవిడను ఇబ్బంది పెట్టకుండా అందరం ఒకే బల్ల దగ్గర కూర్చుని అక్కడి వంట తినే దారి ఉందా?
– గృహిణి, సీతమ్మధార

జవాబు: ఉంది. మీరు వెళ్ళే రోజులు కూడా మంచివే. ముందుగా ఒక జాగ్రత్త. "కూరగాయలతో చేసింది" అని అడిగి తెప్పించుకోకండి. కూరగాయలే వస్తాయి, కానీ వాటి అడుగున చేప ఉంటుంది.

థాయ్ వంటలో ఉప్పు పని చేసేది నమ్ ప్లా, అంటే చేప రసం. నెత్తళ్ళకు ఉప్పు పట్టించి తొట్టెల్లో నెలల తరబడి, మంచి రకమైతే ఏడాదికి పైగా ఊరబెట్టి దించిన నీరు అది. మనం కూరలో ఉప్పు వేశామని ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనట్టే, వాళ్ళు నమ్ ప్లా వేశామని చెప్పరు. అందులో దాచేదేమీ లేదు, వాళ్ళ లెక్కలో అది చేప కాదు, ఉప్పు. రెండోది కపి: చిన్న రొయ్యల్ని ఉప్పుతో నూరి, పులియబెట్టి చేసిన ముద్ద. ఎర్ర కూర, పచ్చ కూర అని మెనూలో కనిపించే వాటి మసాలా ముద్దల్లో ఇది కలిసే ఉంటుంది, తర్వాత తీసేయడానికి వీలు కాదు. మూడోది నమ్ మన్ హోయ్, ఆయిస్టర్ సాస్. ఆకుకూర వేపుళ్ళన్నిటిలో ఇదే. మన తూటికూరను అక్కడ పెద్ద మంట మీద వేయించి పెడతారు, చూస్తే అచ్చంగా శాకాహారం, కానీ సాస్ పడకుండా దిగడం అరుదు.

అందుకే మీ అత్తగారి కోసం అడగాల్సిన మాట ఒక్కటే: "జే". మాంసం, చేప, గుడ్డు, పాలు, వీటితో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా లేని వంటకు ఆ పేరు. చైనా మూలాలున్న బౌద్ధుల ఆచారం నుంచి వచ్చింది. ఆవిడ నియమానికి చాలా దగ్గరి మాట. దుకాణం ముందు పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు ఉంటాయి, దూరం నుంచి 17 అంకెలా కనిపిస్తాయి. "కిన్ జే" అంటే "జే తింటాను" అని. "మంగ్సవిరత్" అనే మాట కూడా వినిపిస్తుంది. అది మన "మాంసవిరతి"యే, సంస్కృతం నుంచి వెళ్ళింది. కానీ ఆ మాట చెబితే గుడ్డు, పాలు, వెల్లుల్లి వచ్చే అవకాశం ఉంది. ఉల్లి పట్టింపు లేని రోజున అది సరిపోతుంది.

ఇక రోజుల సంగతి. చైనా చాంద్రమానంలో తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు థాయ్‌లాండ్‌లో జే పండగ. చాలా ఏళ్ళు మన శరన్నవరాత్రులతో కలిసి వస్తుంది. 2024లో రెండూ అక్టోబరు 3నే మొదలయ్యాయి. అధికమాసం తేడా పడిన ఏడాది ఒక నెల ఎడంగా వస్తుంది, కాబట్టి టికెట్లు కొనే ముందు తేదీ చూసుకోండి. ఆ తొమ్మిది రోజులూ ఫుకెట్‌లోనూ, బ్యాంకాక్ చైనాటౌన్ యావొరాత్‌లోనూ వీధి వీధంతా పసుపు జెండాలే. మీ అత్తగారు ఎంచుకుంటారు, మీరు వెనక నడుస్తారు.

ఒకే బల్ల కావాలంటే బ్యాంకాక్‌లో పెద్ద మాల్స్‌లోని ఫుడ్‌కోర్టులు అనువైనవి. చాలా వాటిలో జే కౌంటరు ఒకటి ఉంటుంది. ఎవరికి కావాల్సింది వారు తెచ్చుకుని కలిసి కూర్చోవచ్చు. కొన్నిచోట్ల ముందు కార్డులో డబ్బు వేయించుకోవాలి, మిగిలింది అదే రోజు వెనక్కి తీసుకోండి. ఆవిడకు ఒక మాట ముందే చెప్పి ఉంచండి: జే దుకాణాల్లో సోయా, గోధుమ బంకతో చేసిన ముక్కలు అచ్చం కోడి, చేప ముక్కల్లాగే ఉంటాయి. తెలియకపోతే చూడగానే కంచం పక్కకు తోసేస్తారు.

చియాంగ్ మైలో తప్పకుండా తినాల్సింది ఖావ్ సోయ్. కొబ్బరిపాల పులుసులో నూడుల్స్, పైన కరకరలాడే వేయించిన నూడుల్స్, పక్కన ఆవాకు ఊరగాయ, పచ్చి చిన్న ఉల్లిపాయలు, నిమ్మ ముక్క. ఊరగాయా నిమ్మా కలపకుండా తింటే కొబ్బరి జిడ్డుగా అనిపించి సగంలోనే మొహం మొత్తుతుంది, అవి అలంకారానికి కావు. మామూలు ఖావ్ సోయ్‌లో గుడ్డు నూడుల్స్, కోడి లేదా గొడ్డు మాంసం ఉంటాయి. శాకాహార దుకాణాల్లో జే రకం దొరుకుతుంది. కాల్చిన పచ్చిమిర్చిని నూరి చేసే నమ్ ఫ్రిక్ నుమ్ చూస్తే మన రోటి పచ్చడే గుర్తొస్తుంది. దానిలోనూ చేప రసమో, ఊరబెట్టిన చేపో పడుతుంది, అడగకుండా ఆవిడకు పెట్టకండి.

జే దొరకని పూట ఆవిడకు తెల్లన్నం, మీరు తీసుకెళ్ళిన కందిపొడి, తరిగిన పండ్లు. పెరుగు చిన్న దుకాణాల్లో దొరుకుతుంది కానీ చాలా వాటిలో పంచదార కలిసి ఉంటుంది, కొన్నిటిలో జెలటిన్ కూడా. బజార్లో గుంత పొంగణాల పెనం లాంటి దాని మీద కొబ్బరిపాలు, బియ్యప్పిండితో వేసే ఖనోమ్ క్రోక్, వెదురు బొంగులో బంక బియ్యం, కొబ్బరిపాలు పోసి కాల్చే ఖావ్ లామ్, ఈ రెండూ సాధారణంగా ఆవిడకు పనికొచ్చేవే. అరకు బొంగు చికెన్ చూసిన పిల్లలకు రెండోది బాగా నచ్చుతుంది.

ప్రశ్న: మేం కారం బాగా తినే మనుషులం. పిల్లలు (5, 9 ఏళ్ళు) కూడా ఆవకాయ అన్నం తింటారు. అయినా అక్కడి కారం తట్టుకోలేరని భయపెడుతున్నారు. నిజమేనా?
– గాజువాక

జవాబు: నిజమే. మన కారం చాలావరకు నూనెలో వేగి, పప్పులోనో పులుసులోనో ఉడికి, అన్నంలో కలిసి నోటికి చేరుతుంది. అక్కడి పచ్చి బొప్పాయి సలాడ్ సోమ్ తమ్‌లో సన్నటి పచ్చి మిరపకాయల్ని అప్పటికప్పుడు దంచుతారు. నూనె చుక్క ఉండదు. పైగా నిమ్మ పులుపు. అదే కారం విడిగా నాలుకకు తగిలితే పెద్దవాళ్ళకే కళ్ళు తిరుగుతాయి.

"మై ఫెత్" అంటే కారం వద్దని. కానీ అది వాళ్ళ కొలతలో కారం వద్దు. పిల్లలకైతే "మై సై ఫ్రిక్" అనండి, మిరపకాయే వేయొద్దని. పెద్దలకు "ఫ్రిక్ మెత్ దియావ్", ఒక్క కాయ. సోమ్ తమ్ విషయంలో ఒక చిక్కుంది: అంతకు ముందు గిరాకీకి పది కాయలు దంచిన రోట్లోనే మీదీ దంచుతారు. కాయ వేయకపోయినా కారం అంటుతుంది. రోలు కడిగించమని చెప్పండి, లేదా పిల్లలకు ఆ వంటకం వదిలేయండి.

పిల్లలు మొదటి రోజు తినదగ్గవి: ఖావ్ మన్ కై (కోడి ఉడికించిన నీళ్ళలో వండిన అన్నం, మెత్తటి కోడి ముక్కలు, చట్నీ విడిగా), కై యాంగ్ (బొగ్గుల మీద కాల్చిన కోడి), ఖై జియావ్ (ఉబ్బిన ఆమ్లెట్టు). పూటకు ఒకే కొత్త వంటకం తెప్పించండి, మిగతావి తెలిసినవే ఉంచండి. ఆకలి మీదున్న పిల్లవాడి ముందు నాలుగు కొత్తవి పెడితే నాలుగూ వద్దంటాడు.

నోరు మండితే నీళ్ళు తాగించకండి. కారపు గుణం నీటిలో కరగదు, నోరంతా పరుచుకుంటుంది. పాలు, కొబ్బరిపాల తీపి, అన్నం ముద్ద పని చేస్తాయి. తోమ్ యమ్ అనే పుల్లటి సూపులో తేలే నిమ్మగడ్డి కాడలు, దుంపరాష్ట్రం ముక్కలు, నిమ్మాకులు తినడానికి కావు, మనం కరివేపాకు తీసి పక్కన పెట్టినట్టు పెట్టేయమని ముందే చెప్పండి.

ప్రశ్న: మా పాపకు రొయ్యలు పడవు. ఒకసారి పెదాలు, కళ్ళు వాచిపోయాయి. రొయ్యల కూరలు మానిపిస్తే చాలా?
– మధురవాడ

జవాబు: చాలదు. ఈ ఉత్తరం వచ్చిందని సంతోషిస్తున్నాం, ఎందుకంటే ఇది రుచి సమస్య కాదు, ప్రాణం సమస్య.

కపి గురించి పైన చెప్పాం. కూర ముద్దలన్నిటిలో, నమ్ ఫ్రిక్ అనే పచ్చళ్ళలో అది ఉంటుంది. సోమ్ తమ్‌లో ఎండు రొయ్యలు వేస్తారు, ఫత్ థాయ్ నూడుల్స్‌లో కూడా. వండితే పోతుందనుకోకండి. రొయ్యలో పడని మాంసకృత్తి వేడికి చెక్కు చెదరదు. రొయ్యలు వేయించిన మూకుట్లో, అదే నూనెలో పాప కోసం కోడి వేయించినా ప్రమాదమే.

చేయాల్సింది ఇది. హోటల్లో దిగిన రాత్రే రిసెప్షన్‌లో చెప్పి థాయ్ లిపిలో ఒక కార్డు రాయించండి: "ఈ పాపకు రొయ్య, పీత, ఎండు రొయ్య, కపి పడవు. కొంచెం తిన్నా ప్రాణాపాయం. వేరే మూకుడు, వేరే నూనె వాడండి." రెండో మనిషికి చూపించి ఏం రాసి ఉందో చదివించుకోండి. నాలుగు ప్రతులు తీసి అందరి దగ్గరా ఉంచండి. నోటితో చెప్పాలంటే "ఫే కుంగ్", రొయ్య పడదు. పలుకులో స్వరం మారితే అర్థం మారే భాష కాబట్టి మాట మీద కాకుండా కార్డు మీదే ఆధారపడండి.

పాపకు అన్నిటికంటే భద్రమైన చోటు జే దుకాణం. జే మాత్రమే వండే చోట రొయ్య గానీ కపి గానీ వాడరు, అయినా కార్డు చూపించండి. వేరుశెనగ పడని పిల్లలకు మాత్రం ఈ ఉపాయం వర్తించదు, అక్కడ పల్లీలు వాడతారు.

బయల్దేరే ముందు డాక్టరును కలిసి అడ్రినలిన్ సూది అవసరమా అని అడగండి. రాసిస్తే చేతి సంచిలో, చీటీతో సహా. ఊపిరి అందకపోవడం, గొంతు బిగుసుకోవడం, ముఖం వాపుతో పాటు వాంతులు కనిపిస్తే అలర్జీ మాత్ర వేసి ఎదురుచూడకండి. సూది ఉంటే వేసి, వెంటనే 1669కి ఫోన్ చేయండి, థాయ్‌లాండ్‌లో అంబులెన్సు నంబరు అదే.

ప్రశ్న: మా అబ్బాయి ఖోన్ కేన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నెల రోజులు ఉండి వద్దామని నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. నాకు షుగరుంది, మాత్రలు వాడతాను. ఆ ప్రాంతంలో అందరూ బంక అన్నమే తింటారట. పచ్చి చేప కూడా తింటారని విన్నాను. గొడ్డు మాంసం, పంది మాంసం మేం తినం. ఏవి తినాలి, ఏవి వద్దు?
– రిటైర్డ్ స్టీల్‌ప్లాంటు ఉద్యోగి, ఉక్కునగరం

జవాబు: ఖోన్ కేన్ ఉన్నది ఈసాన్ అనే ఈశాన్య ప్రాంతంలో. ఆ పేరూ మన "ఈశాన్యం" నుంచే. అక్కడి వంట బాగా ఘాటైనది, మాకు ఇష్టమైనది కూడా.

పచ్చి చేప విషయం ముందు. కోయ్ ప్లా అని మంచినీటి చేపను పచ్చిగా తరిగి, నిమ్మరసం, కారం, వేయించిన బియ్యప్పొడి కలిపి తింటారు. దాన్ని ఎంత ప్రేమగా పెట్టినా చేతులు జోడించి వద్దనండి. ఆ చేపల్లో కాలేయపు పురుగు ఉంటుంది. నిమ్మరసం ముక్క రంగును తెల్లగా మారుస్తుంది కానీ పురుగును చంపదు. ఏళ్ళ తరబడి ఒంట్లో ఉండి పిత్తనాళ క్యాన్సరుకు దారి తీస్తుందని తేలడంతో 1994లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో, చేర్చింది. గుర్తుంచుకోవాల్సిన మాటలు రెండు: "దిప్" అంటే పచ్చిది, "సుక్" అంటే ఉడికింది. లాప్ అనే మాంసం సలాడ్ కూడా రెండు రకాలుగా చేస్తారు. "లాప్ కై సుక్" అని అడగండి, ఉడికిన కోడితో వస్తుంది. సోమ్ తమ్‌లో ప్లా రా (ఊరబెట్టిన చేప), పు (ఉప్పులో వేసిన పచ్చి పీత) వేసే రకాలు వదిలేసి "సోమ్ తమ్ థాయ్" అడగండి.

మాంసాల పేర్లు: నువా గొడ్డు, మూ పంది, కై కోడి, ప్లా చేప, పెత్ బాతు. నూడుల్స్ దుకాణంలో పైన కోడి ముక్కలున్నా కింద నీళ్ళు పంది ఎముకలతో మరిగించినవి కావచ్చు. పట్టింపు గట్టిదైతే నూడుల్స్ పులుసు మానేసి కాల్చిన కోడి, కాల్చిన చేప తినండి. పొట్టలో నిమ్మగడ్డి కూరి, పైన ఉప్పు పట్టించి బొగ్గుల మీద కాల్చే ప్లా ఫావ్ మీలాంటివారికి చక్కటి భోజనం, తొక్క తీసేస్తే ఉప్పూ పోతుంది.

ఇక బంక అన్నం, ఖావ్ నియావ్. నానబెట్టి, మనం వాసెన కట్టి వండినట్టు ఆవిరి మీద ఉడికిస్తారు. చేత్తో చిన్న ఉండ చేసి కూరలో అద్దుకుని తింటారు. దానిలోని పిండి త్వరగా అరిగి చక్కెరను వేగంగా పెంచుతుంది. చూడటానికి పిడికెడే కానీ గట్టిగా నొక్కుకుని ఉంటుంది కాబట్టి మామూలు అన్నం కంటే ఎక్కువ తినేస్తాం. రుచికి రెండు ఉండలు తిని, మిగతా కడుపు కోడితో, పచ్చి కూరగాయలతో నింపండి. సోమ్ తమ్‌లో తాటి బెల్లం పడుతుంది, "మై సై నమ్ తాన్" అంటే తీపి వేయరు. టీ, కాఫీల్లో తీపి గట్టి పాలు (కండెన్స్‌డ్ మిల్క్) ధారాళంగా పోస్తారు, అక్కడ ఆ మాటతో పాటు "మై సై నోమ్", పాలు వద్దని కూడా చెప్పండి. మాత్రల మోతాదు, వేళ మీ డాక్టరుతో మాట్లాడి రాయించుకోండి, నెలకు సరిపడా మందులు చేతి సంచిలోనే పెట్టుకోండి.

ప్రశ్న: మాది భీమిలి. చేపలు బాగా తింటాం. ఫుకెట్, క్రాబీ వైపు ఏం అడగాలి?
– భీమునిపట్నం

జవాబు: కేంగ్ సోమ్ అడగండి. పసుపు, మిరప, కపి నూరిన ముద్దను నీళ్ళలో కలిపి మరిగించి, పులుపు పోసి చేప వేస్తారు. తాలింపు, నూనె ఏమీ ఉండవు కాబట్టి మన చేపల పులుసు కంటే పల్చగా, పదునుగా ఉంటుంది. ప్లా కఫోంగ్ అంటే మన పండుగప్పే. నిమ్మరసం, వెల్లుల్లి, మిర్చి పోసి ఆవిరి మీద వండుతారు. కేంగ్ తై ప్లా మాత్రం ఊరబెట్టిన చేప పేగులతో చేసేది, విపరీతమైన ఉప్పు, కారం. మొదటిసారి ఒక్క చెంచా అన్నంలో కలిపి, పక్కన పెట్టే పచ్చి కూరగాయలతో తినండి. చేప ధర చాలాచోట్ల 100 గ్రాములకు రాస్తారు (దాన్ని "ఖీత్" అంటారు). తూకం వేయించి, మొత్తం ఎంతో ముందే రాయించుకోండి. బేరం దగ్గర కంటే గొడవలు ఇక్కడే ఎక్కువ వస్తాయి.

ప్రశ్న: ఆవకాయ, పొడులు తీసుకెళ్ళొచ్చా?
– పెందుర్తి

జవాబు: పచ్చడి చేతి సంచిలో వద్దు, లగేజీలో వేయండి. సీసా నిండా కాక రెండు వేళ్ళ ఖాళీ ఉంచి, మూతకు టేపు వేసి, రెండు కవర్లలో కట్టండి. పైన గాలి ఒత్తిడి తగ్గి నూనె బయటికి తంతుంది. ఎండు కొబ్బరి చిప్పలు పెట్టకండి, నూనె గుణం వల్ల విమానాల్లో దాన్ని మండే సరుకుగా లెక్కిస్తారు. మాంసం పచ్చళ్ళు, తాజా పండ్లు, మొక్కలు వద్దు. సింగపూర్‌లోనో, దుబాయ్‌లోనో దిగి వెళ్ళేవాళ్ళు మసాలా పొడుల్లో గసగసాలు లేకుండా చూసుకోండి, ఆ రెండు చోట్లా అవి నిషిద్ధం. తిరుగు ప్రయాణంలో దురియన్ పండు హోటళ్ళలోకీ విమానంలోకీ రానివ్వరు, బజార్లోనే తినేయండి.

ప్రశ్న: వీధి బండ్ల దగ్గర తింటే కడుపు పాడవుతుందా?
– ఎంవీపీ కాలనీ

జవాబు: బండిని బట్టి కాదు, వేళను బట్టి. కూరలు పళ్ళేల్లో పరిచి అమ్మే ఖావ్ కేంగ్ దుకాణాలు పొద్దున్నే వండుతాయి. పదకొండు లోపు వెళ్ళండి, మూడింటికి అవే కూరలు చల్లారి ఉంటాయి. కళ్ళ ముందే మంట మీద నుంచి దించేది ఏ వేళైనా మంచిదే. మధ్యలో రంధ్రం ఉన్న గొట్టం ఐసు ఫ్యాక్టరీది, పర్వాలేదు. పెద్ద దిమ్మ పగలగొట్టింది వద్దు. కుళాయి నీళ్ళు తాగకండి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్. లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్ళలోనే కలపాలి. పిల్లవాడు తాగట్లేదని సగం నీళ్ళలో చిక్కగా కలిపితే ఉప్పు ఎక్కువై మేలు బదులు కీడు జరుగుతుంది. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. పిల్లలకు చెంచాతో నిమిషానికి ఒకసారి పట్టాలి. రక్తం కనిపించినా, మూత్రం ఆగినా, మత్తుగా పడుకున్నా ఆసుపత్రికి.

ప్రశ్న: వెళ్ళే ముందే ఇంట్లో అందరికీ ఒకసారి రుచి చూపించాలనుంది. మన దగ్గర దొరికే వాటితో ఏది చేయొచ్చు?
– అక్కయ్యపాలెం

జవాబు: శాకాహార సోమ్ తమ్. నలుగురికి: బాగా పచ్చిగా ఉన్న బొప్పాయి తురుము 400 గ్రాములు, పొడవు బొబ్బరికాయలు నాలుగు, చిన్న టమాటాలు ఆరు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, పచ్చిమిర్చి రెండు, తాటి బెల్లం రెండు టేబుల్ చెంచాలు, నిమ్మరసం నాలుగు టేబుల్ చెంచాలు, ఉప్పు చెంచాడు, వేయించిన పల్లీలు గుప్పెడు.

బొప్పాయి లోపల గులాబీ రంగు తిరిగితే పనికిరాదు, మెత్తబడి తియ్యగా అవుతుంది. తురుమును పది నిమిషాలు ఐసు నీళ్ళలో ఉంచి, పూర్తిగా వడకట్టండి. నీళ్ళు మిగిలితే రుచంతా పల్చబడుతుంది. వెల్లుల్లి, మిర్చి ముందు దంచి, బెల్లం కరిగేలా నిమ్మరసం, ఉప్పు కలపండి. తర్వాత బొబ్బరికాయలు, టమాటాలు వేసి చిట్లేలా రెండు దెబ్బలు. చివర బొప్పాయి. థాయ్‌లాండ్‌లో మట్టి రోలు, చెక్క రోకలి వాడతారు. మన రాతి పొత్రంతో దంచితే పచ్చడైపోతుంది, పప్పుగుత్తితో నొక్కుతూ, రెండో చేత్తో గరిటె పెట్టి కింది నుంచి పైకి తిప్పండి. పల్లీలు దించాక చల్లండి. ఉప్పు తగిలిన బొప్పాయి పది నిమిషాల్లో నీరు వదులుతుంది కాబట్టి అందరూ కూర్చున్నాకే దంచడం మొదలుపెట్టండి.